తిరుగాడే ఎలుక మెదడులో న్యూరాన్ల పనిని మినీస్కోప్‌తో రికార్డు చేయడం ఎలా

పెట్టెలో తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్న చిట్టెలుక తలమీద రెండున్నర గ్రాముల చిల్లర బరువున్న మైక్రోస్కోప్ ఉంటుంది. మెదడులోకి దించిన గాజు లెన్స్ గుండా అది చూస్తుంటే, కింద ఉన్న వందల న్యూరాన్లు ఎప్పుడు వెలిగాయో ఎప్పుడు ఆరాయో తెరమీద కనిపిస్తుంది. 2011లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లైటు, ఫిల్టర్లు, కెమెరా అన్నీ ఒకే చిన్న గూటిలో అమర్చిన మైక్రోస్కోప్‌ను ప్రకటించారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) బృందం తమ మినీస్కోప్ (తలమీద మోసే ఇలాంటి చిన్న మైక్రోస్కోప్) డిజైన్లను అందరికీ తెరిచి పెట్టడంతో చిన్న ల్యాబులు కూడా ఈ పని మొదలుపెట్టగలిగాయి.

పరికరం దొరకడం తేలికైంది కానీ పని తేలిక కాలేదు. రికార్డింగ్ ఎంత బాగా వస్తుందన్నది చాలావరకు సర్జరీ బల్లమీదే తేలిపోతుంది. అక్కడ పాడైనదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు సర్జరీకీ, బేస్‌ప్లేట్ (మినీస్కోప్‌ను తలమీద నిలిపే పలక) అమర్చడానికీ ఇచ్చాం. ఉదాహరణగా తీసుకున్నది చిట్టెలుక మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని సీఏ1 ప్రాంతం. అక్కడి పిరమిడల్ కణాలు (ప్రధాన న్యూరాన్లు) ఒకే పొరగా ఒత్తుగా ఉంటాయి కాబట్టి ఒక్క ఫోకస్‌లో చాలా కణాలు దొరుకుతాయి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

మొదట ఇది మీకు అవసరమో కాదో చూసుకోండి

మీ ప్రశ్నకు జంతువు నిజంగా స్వేచ్ఛగా తిరగాలా? తల కదలకుండా బిగించి, బంతిమీదో చక్రంమీదో పరుగెత్తించినా సరిపోయే ప్రశ్న అయితే బల్లమీది టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌కే వెళ్లండి. దానిలో ఫోకస్ తలానికి బయటి వెలుతురు దాదాపు రాదు, డెండ్రైట్లు (న్యూరాన్ సన్నని కొమ్మలు) కూడా కనిపిస్తాయి. మినీస్కోప్ వన్-ఫోటాన్ పరికరం. ఫోకస్‌కు పైనా కిందా ఉన్న కణాల వెలుగంతా ఒకే చిత్రంలో కలిసిపోతుంది. కణ దేహాలు తప్ప అంతకంటే సన్ననివి నమ్మకంగా తేలవు. మిల్లీసెకన్ల లెక్కలో స్పైకుల (న్యూరాన్ విద్యుత్ స్పందనల) సమయం కావాలంటే ఎలక్ట్రోడ్లే దారి. గుంపులో ఒకరినొకరు కలవడం, చిక్కుదారిలో దారి వెతకడం, భయపడి బిగుసుకుపోవడం, గూడు కట్టడం వంటి ప్రవర్తనల్లో అవే కణాలను వారాల తరబడి చూడాలంటే మాత్రం మినీస్కోప్ సరైన పరికరం.

కాలం లెక్క ముందే వేసుకోండి. వైరస్ ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు వారాలకు లెన్స్, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు బేస్‌ప్లేట్, ఆపైన ఒక వారం అలవాటు చేయడం. అంటే మొదటి పనికొచ్చే రికార్డింగ్ చేతికి రావడానికి ఐదు నుంచి ఏడు వారాలు. ప్రతి దశలో కొన్ని జంతువులు తప్పుకుంటాయి. ఒకదానిలో వైరస్ సరిగా వెలగదు, ఇంకోదానిలో లెన్స్ కింద రక్తం నిలుస్తుంది. ఆ నష్టాన్ని కలుపుకొనే ఎన్ని జంతువులు కావాలో లెక్కగట్టి, మీ సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి తీసుకోండి. మధ్యలో మళ్లీ అనుమతి అడగడమంటే నెలలు పోవడమే.

వైరస్ మోతాదు: తొందరపడకూడని చోటు

న్యూరాన్ పనిచేసినప్పుడు దానిలోకి కాల్షియం చేరుతుంది. ఆ కాల్షియం తగిలితే వెలిగే ప్రొటీనే జీక్యాంప్. దాని జన్యువును ఏఏవీ అనే, జన్యువులను మోసుకెళ్లే వైరస్‌తో కణాల్లోకి పంపుతాం. కొత్తగా మొదలుపెట్టేవారు 2013లో వచ్చిన జీక్యాంప్6ఎఫ్‌తో వెళ్లడం మంచిది. దాని గుణాలు బాగా తెలిసినవి, విశ్లేషణ సాఫ్ట్‌వేర్లూ దానికి అలవాటుపడ్డాయి. తర్వాత వచ్చిన జీక్యాంప్7, 8 శ్రేణుల్లో ఇంకా ఎక్కువ వెలిగేవి, ఇంకా వేగంగా స్పందించేవి ఉన్నాయి. సీఏ1లో పిరమిడల్ కణాలు మాత్రమే కావాలంటే క్యామ్‌కే2 ప్రమోటర్ (జన్యువు ఏ కణాల్లో పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ భాగం), అన్ని న్యూరాన్లూ కావాలంటే సినాప్సిన్ ప్రమోటర్ ఎంచుకోండి.

వైరస్ ఎక్కువైతే కణాలు ఎక్కువగా వెలుగుతాయి కదా అనిపిస్తుంది. మొదటి రెండు వారాలు అలాగే జరుగుతుంది కూడా. తర్వాత జీక్యాంప్ కణ కేంద్రకంలోకి కూడా నిండుతుంది. ఆ కణం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, మిణుకుమనడం మానేస్తుంది, చివరికి చచ్చిపోతుంది. సీఏ1కు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. సినాప్సిన్ ప్రమోటర్‌తో జీక్యాంప్6ను ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు, సాధారణంగా ఇంజెక్షన్ తర్వాత నాలుగో వారం నుంచి, కనీసం ఎనిమిదో వారం వరకు, పక్కపక్క కణాల మీదుగా మెల్లగా పాకే అసహజమైన కాల్షియం అలలు వస్తాయని తేలింది. మోతాదు తగ్గిస్తే వాటి బెడద తగ్గుతుంది. రికార్డింగులో ఇలాంటి అల కనిపిస్తే అదేదో కొత్త సంగతి అనుకోకండి. ఆ జంతువును పక్కన పెట్టండి.

అందుకని ముందు పలచన పరీక్ష చేయండి. కంపెనీ నుంచి వచ్చే వైరస్ సాధారణంగా మిల్లీలీటరుకు 10¹³ జీనోమ్ కాపీల స్థాయిలో ఉంటుంది. స్టెరైల్ పీబీఎస్ ఉప్పు ద్రావణంతో 3 రెట్లు, 10 రెట్లు పలచన చేసి, పలచన చేయనిదాన్ని కూడా కలుపుకొని, ఒక్కో మోతాదును ఒక్కో జంతువుకు ఇవ్వండి. నాలుగు వారాల తర్వాత మెదడు ముక్కలు కోసి కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కింద చూడండి. ఆరోగ్యంగా ఉన్న కణం ఉంగరంలా కనిపిస్తుంది, అంచు వెలుగుతూ నడుమ కేంద్రకం నల్లగా ఉంటుంది. నిండుగా వెలిగే గుండ్రని చుక్కలు చాలా ఉంటే ఆ మోతాదు ఎక్కువ. ప్రతి కొత్త బ్యాచ్ వైరస్‌కూ ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే, ఎందుకంటే లేబుల్‌మీది టైటర్ (వైరస్ గాఢత) ఒక తయారీదారు నుంచి మరొకరికి పోల్చదగినదిగా ఉండదు. వచ్చిన వైరస్‌ను 5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.

మొదటి సర్జరీ: ఇంజెక్షన్

8 నుంచి 12 వారాల వయసున్న, కనీసం 22 గ్రాముల బరువు తూగే ఎలుకను తీసుకోండి. ఐసోఫ్లూరేన్ 4 శాతంతో మత్తులోకి దించి, 1.5 నుంచి 2 శాతం మధ్య నిలపండి. కిలోకు 5 మిల్లీగ్రాముల కార్‌ప్రోఫెన్ చర్మం కింద ఇవ్వండి. కళ్లకు ఆయింట్‌మెంట్ రాయండి, ఒళ్లు 37 డిగ్రీల దగ్గర ఉండేలా హీటింగ్ ప్యాడ్ వేయండి. కాలి వేళ్లు నొక్కినప్పుడు కాలు వెనక్కి లాక్కోనప్పుడే కోత మొదలుపెట్టండి.

తర్వాత చేసే ప్రతి కొలతా పుర్రె సమతలంగా ఉందన్న నమ్మకం మీదే నిలుస్తుంది. పుర్రె ఎముకలు ముందువైపు కలిసే బ్రెగ్మా, వెనకవైపు కలిసే లాంబ్డా రెండు చోట్లా ఎత్తు కొలవండి. తేడా 0.05 మి.మీ. లోపు ఉండాలి. బ్రెగ్మాకు కుడి ఎడమల రెండేసి మి.మీ. దూరంలో కూడా అలాగే సరిచూడండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. అలా వదిలేసిన పక్కవాలు తర్వాత లెన్స్ వాలుగా మారి, తెరమీద ఒక అంచు స్పష్టంగా, మరో అంచు మసకగా వస్తుంది.

బ్రెగ్మా నుంచి వెనక్కి 2.1, పక్కకు 2.0, పుర్రె పైభాగం నుంచి లోతుకు 1.65 మి.మీ. దగ్గర 500 నానోలీటర్లు పంపండి. వేగం నిమిషానికి 50 నుంచి 100 నానోలీటర్లు దాటకూడదు. వేగంగా తోస్తే ద్రవం పిపెట్ వెంటే పైకి ఎక్కి కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) వెలుగుతుంది. అది ఎలాగూ తర్వాత తీసేసే భాగమే కాబట్టి సీఏ1లో మాత్రం మీకేమీ మిగలదు. పంపడం పూర్తయ్యాక 10 నిమిషాలు ఆగి, పిపెట్‌ను మెల్లగా పైకి తీసి, చర్మం కుట్టేయండి.

రెండో సర్జరీ: లెన్స్

ఈ పని మొత్తంలో చేయి తిరగాల్సింది ఇక్కడే. మొదట ప్రాణంలేని తలలమీద, తర్వాత రికార్డింగ్‌కు ఉద్దేశించని జంతువులమీద సాధన చేయకుండా అసలు జంతువుమీద చేయి పెట్టకండి.

సీఏ1కు వాడేది 1.8 మి.మీ. వ్యాసం, 4.3 మి.మీ. పొడవు, 0.25 పిచ్ ఉన్న గ్రిన్ లెన్స్ (వక్రీభవనం లోపల క్రమంగా మారే గాజు కడ్డీ). ఇంత లావు లెన్స్‌ను మెదడులోకి గుచ్చలేం. కాబట్టి దాని దారిలో ఉన్న కార్టెక్స్‌ను పీల్చి తీసేసి ఆ ఖాళీలో దించుతాం. అమిగ్డలా లాంటి లోతైన చోట్లకు అరమిల్లీమీటరు లావు లెన్స్‌లు వాడతారు. వాటికి కార్టెక్స్ తీసే పని ఉండదు, ముందు సూదితో దారి చేసి మెల్లగా దించడమే.

కార్‌ప్రోఫెన్‌తో పాటు కిలోకు 0.2 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇవ్వండి. ఇది మెదడు వాపును ఆపుతుంది. పుర్రెమీది పొరను పూర్తిగా గీకి తీసి, ఎముకను ఎండనిచ్చి, స్కాల్‌పెల్‌తో గళ్లుగళ్లుగా గీతలు పెట్టండి. దూరంగా రెండు మూడు చిన్న స్క్రూలు బిగించండి. సిమెంట్ టోపీ నెలల తరబడి ఊడకుండా ఉండేది ఈ గీతలు, స్క్రూల వల్లే. ఇంజెక్షన్ చేసిన చోటు లెన్స్ కిందికి వచ్చేలా 2 మి.మీ. గుండ్రటి కిటికీని డ్రిల్ చేయండి. డ్రిల్‌ను ఒకేచోట ఆపకుండా చుట్టూ తిప్పుతూ, ప్రతి కొన్ని సెకన్లకు ఆగి చల్లని సెలైన్ వేయండి. డ్రిల్ వేడికి కింది కణాలు ఉడికిపోతాయి. ఎముక చక్రాన్ని తీశాక, కొన వంచిన సన్నటి సూదితో డ్యూరాను (మెదడును కప్పే గట్టి పొరను) పట్టి చీల్చండి. డ్యూరా ముక్క మిగిలితే పీల్చేటప్పుడు అది సూదికి అడ్డుపడి, చుట్టూ ఉన్నదాన్నంతా లాగేస్తుంది.

ఇక పీల్చడం. చల్లార్చిన స్టెరైల్ కృత్రిమ సీఎస్‌ఎఫ్‌ను (మెదడు చుట్టూ ఉండే ద్రవం లాంటిదాన్ని) చుక్కచుక్కగా ఆపకుండా వదులుతూ, వ్యాక్యూమ్‌కు తగిలించిన 27 గేజ్ మొండి సూదితో కార్టెక్స్‌ను పైనుంచి పలుచని పొరలుగా తీయండి. సూది కణజాలాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి తెస్తే చాలు అదే వస్తుంది. బూడిద గులాబి రంగు పోయి తెల్లని నారలు మెరవగానే 30 గేజ్ సూదికి మారి, పీల్పు తగ్గించండి. పైన కనిపించే తెల్లనారలు కార్పస్ కల్లోసం (మెదడు రెండు సగాలను కలిపే నారల కట్ట) నుంచి వచ్చేవి. వాటిని జాగ్రత్తగా ఒలిస్తే కింద మరో దిశలో పోయే నారల పొర కనిపిస్తుంది. అదే అల్వియస్, సీఏ1కు పైకప్పు. నారల దిశ మారిందంటే ఆగాల్సిన చోటికి వచ్చారు. అల్వియస్ చిరిగితే దాని కింద ఉన్న కణాలు పోయినట్టే. కల్లోసం నారలు దట్టంగా మిగిలిపోతే వెలుతురు చెదిరి చిత్రం మసకబారుతుంది. రెంటిలో ఒకటి తప్పదంటే కొంచెం ఎక్కువ మిగిల్చి ఆగడమే మేలు.

రక్తం వస్తుంది. వచ్చినప్పుడు పీల్చడం ఆపి, ద్రవం మాత్రం పారనివ్వండి. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అదే నిలిచిపోతుంది. నిలవకపోతే సెలైన్‌లో తడిపిన జెల్‌ఫోమ్ (రక్తం ఆపే స్పాంజి) ముక్కను ఆ గుంటలో ఉంచి ఆగండి. గడ్డకట్టినదాన్ని మళ్లీ మళ్లీ పీకితే రక్తనాళం మళ్లీ తెరుచుకుంటుంది. గుంటలోని ద్రవం పూర్తిగా తేటపడేవరకు లెన్స్ దించకండి, అరగంట పట్టినా సరే. లెన్స్ కింద మూసుకుపోయిన రక్తం వారాల తరబడి చిత్రాన్ని కప్పేస్తుంది.

లెన్స్‌ను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, స్టెరైల్ సెలైన్‌లో కడిగి, హోల్డర్‌కు నిటారుగా పట్టించండి. గుంట నిండా ద్రవం ఉన్నప్పుడే దించండి, లేకపోతే అడుగున గాలి బుడగ చిక్కుకుంటుంది. కిటికీ వెనక అంచు దగ్గర పుర్రె పైభాగం నుంచి 1.35 మి.మీ. లోతుకు మెల్లగా వెళ్లండి. ఆ లోతులో లెన్స్ అల్వియస్‌ను మృదువుగా తాకుతూ ఉంటుంది. పైనే ఆగిపోతే ఖాళీలో కొత్త కణజాలం పెరుగుతుంది. మరీ నొక్కితే సీఏ1 నలిగిపోతుంది. చుట్టూ ఉన్న ద్రవాన్ని పేపర్ మొనతో పీల్చి, సైనోఅక్రిలేట్ జిగురుతో పట్టించి, పైన డెంటల్ సిమెంట్ వేయండి. సిమెంట్ నల్లదే వాడండి. తెల్లది బయటి లైటును లోపలికి పంపిస్తుంది. బయటికి మిగిలిన లెన్స్ కొనకు సిలికోన్ టోపీ పెట్టి, దానిమీద పలుచగా సిమెంట్ పూయండి. టోపీ లేకపోతే ఎలుక గోళ్లకు, పంజరం చువ్వలకు లెన్స్ గీతలుపడుతుంది.

తర్వాత వారం రోజులు రోజూ బరువు తూచండి. డెక్సామెథసోన్, కార్‌ప్రోఫెన్‌లను, పశువైద్యుడు చెప్పిన యాంటీబయాటిక్‌ను మీ అనుమతి పత్రం ప్రకారం ఇవ్వండి. మూడో రోజుకీ మేత ముట్టకుండా, బొచ్చు రేగి, ముడుచుకు కూర్చున్న ఎలుకకు నొప్పి ఉన్నట్టే. పశువైద్యుణ్ని వెంటనే పిలవండి.

బేస్‌ప్లేట్

మూడు వారాలకు సిలికోన్ టోపీ తీసి లోపలికి చూడవచ్చు. మత్తు 1 శాతం లోపు ఉంచండి, లేదా తల బిగించి మెలకువగానే చూడండి. మత్తు ఎక్కువైతే కణాల పని అణిగిపోతుంది. రక్తనాళాలు చక్కగా కనిపిస్తాయి, మిణుకులు మాత్రం ఉండవు. ఇది తెలియక మంచి జంతువును వదులుకునే ప్రమాదం ఉంది.

యూసీఎల్ఏ వీ4 మినీస్కోప్‌లో ఎలక్ట్రోవెట్టింగ్ లెన్స్ ఉంటుంది. అది ఫోకస్‌ను పైకీ కిందికీ దాదాపు 200 మైక్రాన్లు మార్చగలదు. బేస్‌ప్లేట్ అమర్చేటప్పుడు దాన్ని సున్నా దగ్గరే పెట్టండి. అప్పుడు తర్వాతి వారాల్లో ఎటు జరిగినా సరిచేసుకునే వెసులుబాటు మిగులుతుంది. ఈ రోజే ఒక చివరికి తిప్పి కణాలు బాగున్నాయని సంతోషపడితే, సిమెంట్ గట్టిపడ్డాక ఫోకస్ అందకపోవచ్చు.

లెన్స్ పైభాగాన్ని ఆల్కహాల్ తడిపిన లెన్స్ పేపర్‌తో తుడవండి. బేస్‌ప్లేట్‌ను మినీస్కోప్‌కు బిగించి, ఆ మొత్తాన్ని మానిప్యులేటర్‌కు పట్టించి పైనుంచి దించండి. మొదట లెన్స్ అంచు తెరమీద కనిపించాలి. ఆ వలయం చుట్టూ ఒకేలా స్పష్టంగా ఉంటే మైక్రోస్కోప్ లెన్స్‌కు సమాంతరంగా ఉన్నట్టు. ఒకవైపే స్పష్టంగా ఉంటే వాలు సరిచేయండి. ఇంకా దించితే రక్తనాళాలు, ఆ తర్వాత మిణికే కణాలు వస్తాయి. కణాలు ఎక్కువగా, పదునుగా కనిపించే ఎత్తు దగ్గర ఆగి, బేస్‌ప్లేట్ చుట్టూ సిమెంట్‌ను కొద్దికొద్దిగా, ఒక పొర గట్టిపడ్డాక మరో పొర చొప్పున వేయండి. సిమెంట్ గట్టిపడేటప్పుడు కుంచించుకుని ప్లేట్‌ను లాగుతుంది. ప్రతి పొరకూ తెరవైపు చూడండి. ఒకేసారి ముద్దగా వేస్తే మీరు ఎంచుకున్న ఫోకస్ మీ చేతిలో ఉండదు. మినీస్కోప్ గూటికి సిమెంట్ తగలనివ్వకండి, తగిలితే ఆ రెంటినీ విడదీయడం కష్టం. చివరికి మినీస్కోప్ తీసి, ప్లేట్‌కు ప్లాస్టిక్ మూత వేయండి.

ఏమీ కనిపించలేదా? మొత్తం మసకగా ఉంటే వాపు ఇంకా తగ్గలేదు, లేదా రక్తం ఉంది. ప్లేట్ అతికించకుండా మూసేసి, రెండు వారాలాగి మళ్లీ చూడండి. రక్తనాళాలు పదునుగా ఉండి, ఎలుక మెలకువగా ఉన్నా మిణుకులు లేకపోతే వైరస్ తగిన చోట పడలేదు. కదలని ప్రకాశవంతమైన చుక్కలే ఉంటే జబ్బుపడిన కణాలవి. ఈ చివరి రెండు సందర్భాల్లో ఎంత కాలం ఆగినా ఫలితం ఉండదు. ఆ జంతువుకు ప్లేట్ అమర్చకండి.

అలవాటు చేయడం

25 గ్రాముల ఎలుకకు 2.6 గ్రాముల వీ4 అంటే ఒంటి బరువులో పదో వంతు తలమీద మోస్తున్నట్టు. అది మీకు చూపే ప్రవర్తన సహజమైనదో, బరువు కింద ఇబ్బందిదో తేల్చుకోకుండా న్యూరాన్ల గురించి మాట్లాడటంలో అర్థం లేదు. ఐదారు రోజులు రోజూ చేతుల్లోకి తీసుకోండి. తర్వాత అంతే బరువున్న ఉత్తుత్తి మినీస్కోప్‌తో రోజుకు 10 నుంచి 15 నిమిషాలు పెట్టెలో వదలండి. కేబుల్ బరువును పైనుంచి సన్నటి రబ్బరు దారంతోనో కప్పీతోనో తేల్చండి. ఎక్కువసేపు తిరిగే ప్రయోగమైతే కమ్యుటేటర్ (కేబుల్ మెలిపడకుండా దానితో పాటు తిరిగే కీలు) కావాలి. లేకపోతే మెలిపడిన కేబుల్ తలను ఒకవైపు తిప్పుతూ ఉంటుంది.

మినీస్కోప్ లేని తోటి ఎలుక ఎంత వేగంగా, ఎంత దూరం తిరుగుతుందో కొలిచి పోల్చండి. తల ఒకపక్కకు వాలినా, ఒకే దిశలో చుట్లు కొడుతున్నా, మూలలో కూర్చుని కేబుల్ కొరుకుతున్నా రికార్డింగ్‌కు సిద్ధం కాలేదని అర్థం.

రికార్డింగ్

సెకనుకు 20 ఫ్రేములు చాలు. ఒక స్పైకు తర్వాత జీక్యాంప్6ఎఫ్ వెలుగు సగానికి పడటానికే వంద మిల్లీసెకన్లకు పైగా పడుతుంది కాబట్టి అంతకంటే వేగంగా తీస్తే డిస్కు నిండుతుంది, సమాచారం పెరగదు. కణాలు తేలేంతవరకే ఎల్‌ఈడీ వెలుగు పెంచండి, మిగతాది కెమెరా గెయిన్‌తో (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్‌తో) సర్దుకోండి. వెలుగు ఎక్కువైతే జీక్యాంప్ వెలిసిపోతుంది. లైటు వేశాక రెండు నిమిషాలు ఆగి రికార్డింగ్ మొదలుపెట్టండి, ఎందుకంటే మొదటి పతనం ఆ నిమిషాల్లోనే ఎక్కువ. ఒక్కో విడత 10 నుంచి 20 నిమిషాలకు మించనివ్వకండి. చిత్రంలో ఎక్కడా పిక్సెళ్లు పూర్తి తెలుపుకు చేరకూడదు. అలా చేరిన చోట కణం ఎంత వెలిగిందో తెలియదు.

ఎల్‌ఈడీ ఆర్పి ఒక పది సెకన్లు రికార్డు చేయండి. చిత్రం నల్లగా, స్థిరంగా ఉండాలి. ఎలుక గది దీపం కిందికి వెళ్లినప్పుడల్లా తెర వెలిగితే, ఆ వెలుగు తర్వాత స్థల కణాల (ఎలుక ఒక ప్రత్యేకమైన చోట ఉన్నప్పుడు పనిచేసే కణాల) రూపంలో మీ ఫలితాల్లోకి వస్తుంది. సిమెంట్‌లో సందులు మూయండి, గది దీపాన్ని తగ్గించండి.

ప్రవర్తన కెమెరా, మినీస్కోప్ రెండూ ప్రతి ఫ్రేముకూ టైమ్‌స్టాంప్ రాస్తాయి. రెంటినీ ఆ సమయంతోనే జతచేయండి, ఫ్రేము సంఖ్యతో కాదు. మధ్యలో కొన్ని ఫ్రేములు పడిపోతే సంఖ్యల లెక్క తప్పుతుంది, ఆ తప్పు విడత చివరికి సెకన్లకు పెరుగుతుంది. సెకనుకు 20 ఫ్రేములైతే వరుస టైమ్‌స్టాంప్‌ల మధ్య 50 మిల్లీసెకన్లు ఉండాలి. 100, 150 కనిపించిన ప్రతిచోటా ఫ్రేములు పోయాయి. 608 అడ్డం, 608 నిలువు పిక్సెళ్ల చిత్రాలు 20 నిమిషాలకు కుదించకపోతే దాదాపు 9 జీబీ అవుతాయి. కుదించాలంటే నష్టంలేని ఎఫ్ఎఫ్‌వీ1 వాడండి. మామూలు వీడియో కుదింపు చిన్న మిణుకులను చెరిపేస్తుంది.

మొదటి రోజు చిత్రాన్ని దాచుకుని, ప్రతి విడతకు ముందూ రక్తనాళాలు దానితో సరిపోయేలా ఫోకస్ సర్దండి.

విశ్లేషణ

వరుస ఇది: చిత్రాన్ని సగానికి తగ్గించడం, నేపథ్య కాంతిని వడకట్టడం, నార్మ్‌కోర్‌తో కదలికను సరిచేయడం, సీఎన్‌ఎమ్‌ఎఫ్-ఈతో కణాలను విడదీయడం. కైమాన్ అనే ఉచిత ప్యాకేజీలో ఇవన్నీ ఉన్నాయి. మినియన్ అనే మరో ఉచిత ప్యాకేజీ ఇలాంటి దశలనే తన సొంత పద్ధతులతో చేస్తుంది. కదలిక సవరణలో మొదట మొత్తం చిత్రాన్ని ఒకేలా జరిపే పద్ధతి వాడండి. చిత్రాన్ని ముక్కలుగా చేసి విడివిడిగా జరిపే పద్ధతి అవసరమైతేనే. సవరణ తర్వాత వీడియోను పది రెట్ల వేగంతో ఆడించి రక్తనాళాలను చూడండి. అవి వణికితే ముందుకు వెళ్లొద్దు.

చేతితో కణం చుట్టూ గీత గీసి లోపలి వెలుగు సగటు తీసే పాత దారిలో వన్-ఫోటాన్ డేటాకు పోకండి. ఆ గీతలోకి చుట్టుపక్కల కణాల వెలుగంతా వస్తుంది కాబట్టి అన్ని కణాలూ కలిసి పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. లేని సమన్వయాన్ని కనిపెట్టినట్టవుతుంది. సీఎన్‌ఎమ్‌ఎఫ్-ఈ ఆ నేపథ్యాన్ని విడిగా లెక్కగట్టి తీసేస్తుంది. దానికి కణం వెడల్పు పిక్సెళ్లలో మీరే కొలిచి ఇవ్వాలి. కనీస కోరిలేషన్‌ను (పక్క పిక్సెళ్లతో పోలికను) 0.8, శిఖర-శబ్ద నిష్పత్తిని 10 దగ్గర మొదలుపెట్టి, ఆ రెండు విలువల చిత్రాలను కళ్లతో చూస్తూ మార్చండి. హద్దులు మరీ వదులు చేస్తే రక్తనాళాల అంచులు కణాలుగా వస్తాయి, మరీ బిగిస్తే తక్కువగా పనిచేసే కణాలు పోతాయి.

వచ్చిన ప్రతి కణాన్నీ మనిషి చూడాలి. వెలుగు గీత నిటారుగా లేచి నెమ్మదిగా దిగాలి. కిందికి గుంతలు పడే గీత, లేవడమూ దిగడమూ ఒకేలా ఉన్న గీత కదలిక వల్ల వచ్చినవే. పక్కపక్కనే ఉండి అచ్చం ఒకేలా వెలిగే రెండు కణాలు చాలావరకు ముక్కలైన ఒకే కణం. జీక్యాంప్ బదులు మామూలు జీఎఫ్‌పీ (కాల్షియంతో సంబంధం లేకుండా వెలిగే ప్రొటీన్) పెట్టిన ఒక జంతువును ఇదే దారిలో నడిపిస్తే, కదలిక ఒక్కటే ఎన్ని అబద్ధపు మిణుకులు పుట్టిస్తుందో తెలుస్తుంది. డీకాన్వల్యూషన్ (వెలుగు గీత నుంచి కణం పనిని వెనక్కి లెక్కగట్టడం) ఇచ్చే అంకెలు స్పైకుల సంఖ్య కావు, కణం ఎప్పుడు పనిచేసిందన్న అంచనా మాత్రమే.

స్థల కణాలు వెతికేటప్పుడు ఎలుక సెకనుకు 2 సెం.మీ. కంటే వేగంగా కదులుతున్న సమయాన్నే తీసుకోండి. కణం పనిని కాలంలో గుండ్రంగా (చివర మిగిలినదాన్ని మొదటికి చేర్చి) జరిపి, వెయ్యిసార్లు యాదృచ్ఛిక లెక్క వేసి పోల్చండి. విడివిడి ఫ్రేములను కలగాపులగం చేస్తే వెలుగు నెమ్మదిగా దిగే గుణం చెదిరి, దాదాపు ప్రతి కణమూ స్థల కణంలా నెగ్గుతుంది.

రోజుల మధ్య కణాలను జతచేయడానికి సెల్‌రెజ్ లాంటి సాధనం వాడండి. సీఏ1లో ఒక రోజు స్థలపటంలో ఉన్న కణాల్లో మరో రోజు పటంలోనూ తేలేవి 15 నుంచి 25 శాతమేనని 2013లో మినీస్కోప్‌తోనే కనుగొన్నారు. కాబట్టి జాబితా మారడం వింత కాదు. కానీ ఫోకస్ 20 మైక్రాన్లు జరిగినా జాబితా అలాగే మారుతుంది. రక్తనాళాల చిత్రాలు రెండు రోజుల్లోనూ సరిపోలినప్పుడే ఆ మార్పును మెదడుకు ఆపాదించండి.

చివరి తనిఖీ

ప్రయోగం ముగిశాక మెదడును ఫిక్స్ చేసి లెన్స్ ఎక్కడుందో చూడాలి. పర్ఫ్యూజన్ (రక్తనాళాల గుండా ఫిక్సేటివ్ పంపడం) తర్వాత తలను లెన్స్‌తో సహా ఒక రోజంతా ఫిక్సేటివ్‌లో ఉంచి, ఆ తర్వాతే సిమెంట్ టోపీ తీయండి. వెంటనే లాగితే మీరు చూడాల్సిన పొర లెన్స్‌కే అంటుకుని వచ్చేస్తుంది. 50 మైక్రాన్ల ముక్కల్లో లెన్స్ అడుగు సీఏ1 పొరకు ఎంత దూరంలో ఉందో, కేంద్రకాలు నల్లగానే ఉన్నాయో నమోదు చేయండి. ఎంత తప్పితే జంతువును లెక్కలోంచి తీసేస్తారో ఆ హద్దును ప్రయోగం మొదలవకముందే రాసిపెట్టుకోండి. ఈ ముక్కలు చూసేవారికి ఆ జంతువు ప్రవర్తన ఫలితాలు తెలియకుండా ఉంచండి.